నూలు పోగు మీద ఏడు ముళ్ళు: అమ్మ థైరాయిడ్ క్యాన్సర్‌తో పదిహేడు నెలలు

2023 ఆగస్టు 25, వరలక్ష్మీ వ్రతం నాడు, చెన్నై కొళత్తూరులోని మా ఇంట్లో అమ్మ వ్రతకథ చదువుతూ చారుమతి కలగన్న చోట ఆగిపోయింది. ఏటా ఆ కథ ఆమే చదువుతుంది, పుస్తకం చూడకపోయినా చెప్పగలదు. ఆ రోజు గొంతు బొంగురుపోయి, మాట సగం గాలిగా వస్తోంది. ఉపవాసం వల్లనేమో అంటూ నీళ్ళు తాగింది, తాగుతూ పొలమారింది. పుస్తకం నా చేతికిచ్చి, మిగతాది నువ్వు చదువమ్మా అంది. గొంతు మారడాన్నీ, నీళ్ళు పొలమారడాన్నీ నేను కళ్ళారా చూశాను, కానీ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

అమ్మకు అప్పటికి 64 ఏళ్ళు. మాది వెంకటగిరి. నాన్న మగ్గం మీద కూర్చుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆమె మెడకు కుడివైపు నిమ్మకాయంత గడ్డ నా చిన్నప్పటి నుంచీ ఉంది. 2009లో నెల్లూరులో సూది పరీక్ష చేయించినప్పుడు మామూలు గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి ఉబ్బడం అన్నారు, అప్పటికి అది నిజమే కావచ్చు. ఆ తరువాత ఏటా రక్తంలో థైరాయిడ్ హార్మోను పరీక్ష మాత్రం చేయిస్తూ, అది మామూలుగా వస్తే గడ్డ కూడా మామూలుగానే ఉందని అనుకుంటూ వచ్చాం. గ్రంథి ఎంత పనిచేస్తోందో చెప్పే పరీక్షకూ, గ్రంథిలో ఏం పెరుగుతోందో చెప్పే పరీక్షకూ సంబంధం లేదని, అతి ప్రమాదకరమైన థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారిలో కూడా ఆ హార్మోను అంకె చక్కగా ఉండవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వ్రతం అయిన మూడో రోజు ఇంటి దగ్గర ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. గొంతు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్, పులితేన్పులకు బిళ్ళలు, పది రోజులకు రాశారు. పది రోజులకూ తగ్గకపోతే అల్ట్రాసౌండ్, సూది పరీక్ష చేశారు. రిపోర్టు సెప్టెంబరు 13న వచ్చింది. అందులో బెథెస్డా 1 అని ఉంది. 1 నుంచి 6 వరకూ ఉండే కొలత అది అని తెలుసుకుని, ఒకటి కాబట్టి అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆసుపత్రిలో కూడా, క్యాన్సర్ కణాలేమీ కనిపించలేదు, నెల తరువాత రండి అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ పాలకోవా కొన్నాను.

ఈ తప్పు ఇంకొకరు చేయకూడదు కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. బెథెస్డా పద్ధతిలో గడ్డ నిరపాయకరం అని చెప్పేది 2, క్యాన్సర్ అని చెప్పేది 6. 1 అంటే చెప్పడానికి చాలినంత కణాలు రాలేదని మాత్రమే. అమ్మ రిపోర్టులో దాని కిందనే, చనిపోయిన కణజాలం, వాపు కణాలు మాత్రమే ఉన్నాయనీ, పరీక్ష మళ్ళీ చేయాలనీ ఒక వాక్యం ఉంది. మరీ వేగంగా పెరిగే గడ్డకు రక్తం అందక నడుమ భాగం చచ్చిపోతుందట. సూది ఆ భాగంలోకి దిగితే వచ్చేది అదే. అంటే మేము ఊరటగా చదువుకున్న వాక్యమే మమ్మల్ని పరుగెత్తించవలసిన వాక్యం.

సెప్టెంబరు 15 రాత్రి రెండు గంటలప్పుడు ఈల వేసినట్టు సన్నని శబ్దం వినబడి లేచాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే శ్వాస లోపలికి పోయేటప్పుడు ఆ శబ్దం వస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే జవాబు చెప్పకుండా లేచి, తన సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, అందులో చుట్టిపెట్టిన తెల్ల నూలు పోగు ఒకటి నా చేతిలో పెట్టింది. మెడలో నల్లపూసలు బిగుతవుతున్నాయని ఆగస్టు మొదటి శుక్రవారం తలంటుకున్నాక పోగుతో మెడ చుట్టు కొలిచి ముడి వేసిందట. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం కొలిచి ముడి వేస్తూనే ఉంది. ఏడు శుక్రవారాలు, ఏడు ముళ్ళు. మొదటి రెండింటి నడుమ బియ్యపు గింజంత ఎడం ఉంటే, చివరి రెండింటి నడుమ నా చిటికెన వేలు పట్టేంత ఉంది.

"నీకు చెబితే ఆఫీసు మానుకుంటావని చెప్పలే" అంది.

మరునాడు శనివారం. నగరం నడుమ ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరకు వెళ్ళాం. నేను ఫైలు ముందు పెట్టాను, అమ్మ పోగు ముందు పెట్టింది. ఆయన పోగును బల్ల మీద సాపు చేసి, స్కేలు పక్కన పెట్టి కొలిచారు. ఆరు వారాల్లో నాలుగు సెంటీమీటర్లు. ఆ తరువాత ఫోను తీసి మూడు చోట్లకు మాట్లాడారు. సోమవారం వినాయక చవితి సెలవు, అందాకా ఆగడానికి వీల్లేదు, ఇవాళే అన్నీ అయిపోవాలి అన్నారు. అలాగే అయ్యాయి. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూస్తే కుడి స్వరతంత్రి కదలడం లేదు. గొంతు మారడానికీ, నీళ్ళు పొలమారడానికీ కారణం అదే, దాన్ని నడిపే నరాన్ని గడ్డ పట్టుకుంది. సీటీ స్కాన్‌లో గాలిగొట్టం ఒకచోట ఏడు మిల్లీమీటర్లకు నొక్కుకుపోయింది. ఈసారి సన్న సూదితో కణాలు పీల్చడం కాకుండా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గడ్డ అంచుల నుంచి లావు సూదితో ముక్కలు తీశారు.

సర్జన్ మాకు రెండు పేర్లు చెప్పారు. ఒకటి అనాప్లాస్టిక్ క్యాన్సర్, రెండోది థైరాయిడ్‌లో పుట్టే లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్. రెండూ ముసలితనంలో ఇలాగే ఉన్నట్టుండి పెరుగుతాయి, పైకి ఒకలాగే కనిపిస్తాయి. లింఫోమా అయితే మందులకు మంచులా కరిగిపోతుంది, చాలామందికి ఆపరేషన్ అవసరమే ఉండదు. చవితి రోజు వినాయకుడి ముందు కూర్చుని, అమ్మకు లింఫోమా అయ్యేలా చూడు స్వామీ అని మొక్కుకున్నాను. ఒక క్యాన్సర్ కావాలని దేవుణ్ణి అడిగే రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

గురువారం, 21వ తేదీన రిపోర్టు వచ్చింది. లింఫోమాలో కనిపించే గుర్తులు లేవు. థైరాయిడ్ నుంచి పుట్టిందని చెప్పే పాక్స్8 అనే గుర్తు ఉంది, కానీ థైరాయిడ్ కణం చేయవలసిన థైరోగ్లోబులిన్ ఆనవాలు కూడా లేదు. అంటే అవి తాము ఏ కణాలో మరిచిపోయిన థైరాయిడ్ కణాలు. అనాప్లాస్టిక్. థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి ఒకటి రెండు మాత్రమే ఇలాంటివి. ఏ దశలో కనిపెట్టినా దీన్ని నాలుగో దశగానే లెక్క వేస్తారు. పాత లెక్కల ప్రకారం సగం మంది ఆరు నెలలు కూడా ఉండరు. మిగతా థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నయమయ్యేవే కాబట్టి, మా బంధువులందరూ ఫోను చేసి, థైరాయిడ్ క్యాన్సర్ మంచి క్యాన్సర్, భయపడకండి అని ధైర్యం చెప్పేవారు. అయోడిన్ మందు తాగించారా అని అడిగేవారు. ఆ మందు పనిచేయాలంటే క్యాన్సర్ కణం అయోడిన్‌ను పీల్చుకోవాలి, ఈ కణాలకు ఆ గుణమే పోయింది అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వాళ్ళు ప్రేమతోనే అడిగారు. కానీ ఒక్కో ఫోనూ పెట్టేశాక, ఇంకేదో చేయవలసింది చేయలేదేమో అన్న అనుమానం నాకు మిగిలేది.

ఆ గురువారం క్యాన్సర్ వైద్యం చేసే ఆంకాలజిస్టు గది బయట నర్సు వచ్చి, కూతుర్ని మాత్రం లోపలికి రమ్మంటున్నారని తమిళంలో చెప్పింది. నేను లేచాను. అమ్మ కూడా లేచింది. తమిళం ఆమెకు మాట్లాడడం రాదు గాని అర్థమవుతుంది. లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చుని, "గొంతు నాది సార్, నాకూ చెప్పండి" అంది. ఆయన ఒక క్షణం నా వైపు చూశారు. నాకు ఏడుపు వస్తోంది, వద్దనడానికీ ఊ అనడానికీ నోరు రాలేదు. ఆయన కుర్చీ అమ్మ వైపు తిప్పుకుని, తనకు వచ్చిన తెలుగులో, నిదానంగా, అంతా ఆమెకే చెప్పారు.

ఆయన అడిగిన వాటిలో ముఖ్యమైనది శ్వాస సంగతి. గడ్డ ఇంకా నొక్కితే గొంతు ముందు రంధ్రం చేసి గొట్టం పెట్టవలసి రావచ్చు, అప్పుడు మాట పోతుంది, రోజూ గొట్టం శుభ్రం చేసుకోవాలి, కొందరికి అది బతికించే వంతెన అవుతుంది, కొందరికి బాధను పొడిగించడమే అవుతుంది, అది ఏ అర్ధరాత్రో మీకు మాట రానప్పుడు మీ అమ్మాయి తేల్చుకోవలసిన విషయం కాకూడదు అన్నారు. అమ్మ చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తరువాత, "బాగయ్యేదానికైతే పెట్టండి. పోయేదాన్ని నాలుగు రోజులు పట్టి ఉంచేదానికైతే వద్దు. మిషను కూడా వద్దు" అంది. ఆయన ఆ మాటలను నా చేత తెలుగులో రాయించి, కింద ఇంగ్లీషులో తానూ రాసి, అమ్మ చేత సంతకం చేయించి ఫైలులో పెట్టారు. ఇంత తొందరేమిటని, ఆశ లేదని ముందే తేల్చేశారా అని ఆ పూట నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

ఆ గదిలోనే ఆయన ఇంకో మాట చెప్పారు. ఈ గడ్డల్లో కొన్నింటిలో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. దాని పేరు వి600ఈ. ప్రోటీనులో 600వ స్థానంలో వాలీన్ ఉండవలసిన చోట గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది, దానితో కణానికి పెరగమని చెప్పే మీట నొక్కినది నొక్కినట్టే ఉండిపోతుంది. ఆ మార్పు ఉంటే రెండు రకాల బిళ్ళలు పనిచేస్తాయి, డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్. 2018లో అమెరికాలో ఈ జబ్బుకు వాటిని అనుమతించారు. పూర్తి జన్యు పరీక్షకు రెండు వారాలకు పైగా పడుతుంది, అమ్మకు అంత గడువు లేదు. అందుకని బయాప్సీ ముక్కకే ప్రత్యేకమైన రంగు వేసి చూసే పరీక్షకు ఆయన ముందే పంపారు. అది శనివారం వచ్చింది. మార్పు ఉంది. జన్యు పరీక్ష కూడా అదే మాట చెప్పింది, కానీ ఆ రిపోర్టు చేతికి వచ్చేసరికి అమ్మ మందు మొదలుపెట్టి పదకొండు రోజులు దాటింది.

ఒక నెల మందు ధర నా మూడు నెలల జీతం కంటే ఎక్కువ. మా ఆఫీసు బీమాలో తల్లిదండ్రులు ఉన్నా, ఇంట్లో మింగే బిళ్ళలకు కొంతవరకే ఇచ్చారు. మిగతా దానికి తమ్ముడు వెంకటగిరిలో ఇంటి పక్క స్థలం అమ్మాడు. ఇంతకు మించి ఆ విషయం రాయను.

మందు మింగడం ఒక వ్రతంలా సాగింది. గుండె ఎకో, కంటి పరీక్ష ముందే చేయించాం, ఎందుకంటే ట్రామెటినిబ్ ఆ రెండింటినీ దెబ్బతీయవచ్చు. డాబ్రాఫెనిబ్ ఉదయం, రాత్రి, 150 మిల్లీగ్రాముల చొప్పున. ట్రామెటినిబ్ రోజుకు ఒక్కసారి, 2 మిల్లీగ్రాములు, దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. రెండూ ఖాళీ కడుపుతోనే, తిన్నాక రెండు గంటలు ఆగి, లేదా తినడానికి గంట ముందు. ఐదు గంటలకే లేచి కాఫీ తాగే అలవాటున్న మనిషి, బిళ్ళ వేసుకుని గంటసేపు గడియారం చూస్తూ కూర్చునేది. రెండో వారంలో జ్వరం వచ్చింది, వణుకుతో 103 డిగ్రీలు. ఈ బిళ్ళలతో అలా వస్తుందని, వస్తే వెంటనే రెండూ ఆపి తమకు చెప్పాలని నర్సు ముందే చెప్పి ఉండడం వల్ల మేము బెదిరిపోలేదు. రెండు రోజులు ఆపి, జ్వరం తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాం. అలా మూడుసార్లు జరిగింది.

మందు మొదలైన నాలుగో రాత్రి ఈల శబ్దం తగ్గింది. పదో రాత్రికి అమ్మ ఒక్క దిండు మీద పడుకుంది. శుక్రవారం ముళ్ళు ఇప్పుడు వెనక్కి రావడం మొదలైంది. అదే పోగు మీద వేస్తే కలిసిపోతాయని అమ్మ ఈసారి ఎర్ర నూలు తీసుకుంది. నవంబరు చివరకు ఎర్ర ముడి ఆగస్టు మొదటి ముడి కంటే లోపలికి వచ్చేసింది. సర్జన్ ఆ పోగును చూసి నవ్వడం నాకు బాగా గుర్తు. మొదట కోయడానికి వీల్లేదన్న గడ్డను ఇప్పుడు తీయవచ్చన్నారు. డిసెంబరు 5 తేదీ ఇచ్చారు.

డిసెంబరు 3 రాత్రి నుంచి మిచౌంగ్ తుపాను వాన. 4వ తేదీకి మా వీధి నడుము లోతు నీళ్ళు. మేము మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి ఇల్లు మునగలేదు, కానీ కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ట్రామెటినిబ్ సీసా ఉంది. మందుతో పాటు ఇచ్చిన ఐస్ ప్యాకులు రెండు ఫ్రీజరులో గడ్డకట్టి ఉన్నాయి, వాటి నడుమ సీసా పెట్టి, తువ్వాలులో చుట్టి, అన్నం క్యారియరు డబ్బాలో పెట్టాను. మరునాటికి అవి కరిగిపోయాయి. మా ఆయన ఆ డబ్బాను నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచి, పెద్ద రోడ్డు మీద జనరేటరు ఉన్న మందుల షాపుకు వెళ్ళారు. షాపు అతను ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్‌లో దాన్ని పెట్టుకుని, రోజుకొక బిళ్ళ చొప్పున తీసుకువెళ్ళమన్నాడు. పైసా తీసుకోలేదు. ఆ మూడు రోజులు ఒక్క పూట కూడా మందు తప్పలేదు.

ఆపరేషన్ 14వ తేదీన జరిగింది. ఐదున్నర గంటలు పట్టింది. థైరాయిడ్ మొత్తం, మెడలోని లింఫు గ్రంథులు తీశారు. మెలకువ వచ్చిన మరునాడు పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి పట్టింది. కాల్షియం పడిపోయిందని చెప్పి డ్రిప్ పెట్టారు. తీసిన గడ్డలో చాలావరకు చచ్చిన కణజాలమే, అనాప్లాస్టిక్ కణాలు కొద్ది చోట్ల మిగిలాయి. ఒక మూల మాత్రం మామూలు పాపిల్లరీ క్యాన్సర్ ఉంది, పాతది. అందరూ మంచి క్యాన్సర్ అనేది దాన్నే. అది ఆ గాయిటర్‌లో ఎన్నేళ్ళుగా ఉందో తెలియదు, చివరికి అదే మారి ఇదయింది. 2009 తరువాత మళ్ళీ ఒక్క స్కాన్ చేయించి ఉంటే అన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు.

2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రేడియేషన్, వారానికి ఐదు చొప్పున ముప్పై సిట్టింగులు. ముఖానికీ మెడకూ అచ్చుగా ఒక ప్లాస్టిక్ వల ముసుగు వేడినీళ్ళలో మెత్తబరిచి తయారుచేస్తారు, దానితో తలను బల్లకు బిగిస్తారు. నాలుగో వారం నుంచి మింగలేక ముక్కు గొట్టంతో రాగిజావ పోశాం. అదే అన్నిటికన్నా కష్టమైన కాలమని అమ్మ అనేది.

మార్చి నుంచి ఆమె మళ్ళీ వెంకటగిరిలో ఉంది. ఆగస్టు 16న వ్రతానికి మా ఇంటికి వచ్చి, బొంగురు గొంతుతోనే కథ మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఆ నెలాఖరు స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ చుక్కలు కనిపించాయి. బిళ్ళలతో పాటు మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు పంపే మందు, డ్రిప్‌గా కలిపారు. దసరా దాకా చుక్కలు పెరగలేదు. డిసెంబరుకు లెక్కపెట్టలేనన్ని అయ్యాయి.

ఆ నెలలో ఆంకాలజిస్టు మళ్ళీ అమ్మ వైపు కుర్చీ తిప్పుకుని, అప్పుడు మీరు చెప్పిన మాట ఇప్పుడూ అదేనా అని అడిగారు. "అప్పుడే చెప్పా గదా సార్" అంది. వైద్యం ఆపి, ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్ మొదలుపెట్టారు. ఎంత, ఎన్ని గంటలకు, మలబద్ధకానికి ఏం వేయాలి, ఊపిరి ఎగపోస్తే కిటికీ తెరిచి ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా ఎలా కూర్చోబెట్టాలి, అన్నీ బాధ తగ్గించే వైద్యం చూసే పాలియేటివ్ కేర్ డాక్టరు నాన్నకు ఓపికగా నేర్పించారు. మెడలో మాత్రం జబ్బు తిరిగి రాలేదు. ఎర్ర పోగు మీద ముడి ఉన్న చోటే ఉండిపోయింది.

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయాసం ఎక్కువైంది. తమ్ముడు వీధి చివర డాక్టరు గారిని పిలుచుకొచ్చాడు. ఆయనకు అమ్మ సంగతి పూర్తిగా తెలియదు. చూడగానే ఆక్సిజన్ పడిపోయిందని, తిరుపతికి తీసుకుపోయి మిషను పెట్టించాలని 108కి చేయబోయారు. నాన్న గూట్లోంచి ఫైలు తీసి, మొదటి పేజీ తిప్పి ఆయన చేతికిచ్చారు. నా చేతిరాత, కింద అమ్మ సంతకం, 21-9-2023 తేదీ. ఆయన దాన్ని లైటు కిందకు పట్టుకుని రెండుసార్లు చదివారు. ఫోను జేబులో పెట్టుకుని, మంచం పక్కన కూర్చుని, మార్ఫిన్ చివరిసారి ఎప్పుడు ఇచ్చారమ్మా అని నన్ను అడిగారు.